ఆకుపచ్చ గడి

ఆమె తడి దుప్పటి అంచు పట్టుకుని ఇస్త్రీ రోలరు ముందు నిలబడే ఉంది. ఎదురుగా గోడ మీదున్న బోర్డు మాత్రం ఆమె అక్కడ లేదంటోంది.

“అక్కా, నీ గడి మళ్లీ బూడిదరంగులోకి పోయింది,” అంది పొడుగమ్మ. దుప్పటి రెండో అంచు పట్టుకునేది ఆవిడే. పెదవులు కదలకుండా మాట్లాడటం ఆ హాల్లో అందరికీ వచ్చిన విద్య.

“పోతే పోనీ. ముందు దుప్పటి లాగు,” అంది ఆమె.

అందరూ ఆమెను మడతక్క అంటారు. ఆమె మడిచిన దుప్పటికి అంచుకు అంచు అతికినట్టు ఉంటుంది గనక ఆ పేరు వచ్చింది. అసలు పేరు హాజరు తీసుకునేవాడికి తప్ప ఎవరికీ గుర్తు లేదు, ఆమెకూ ఆ పేరుతో పిలిస్తే వెంటనే పలకడం రాదు. ఊళ్లోని ఆసుపత్రుల గుడ్డలు, హోటళ్ల గుడ్డలు ఆ లాండ్రీకే వస్తాయి. ఉతుకు మిషన్లలోంచి దుప్పట్లు మెలికలు పడి, తాళ్లలా పేనుకుని తోపుడుబండ్లలో వచ్చి పడతాయి. వాటిలోంచి ఒకటి లాగి, మూలలు వెతికి, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఒక్కసారి ఫెళ్లున విదిలించి, అంచును ఒకే క్షణాన రోలరు నోటికి అందించాలి. ఒకరు రెప్పపాటు వెనకబడ్డా దుప్పటి వంకరగా లోపలికి పోయి, ముడత కాలిపోయి బయటికొస్తుంది. అలా కాలిన దుప్పటి వీళ్లిద్దరి బల్ల మీద కనిపించి చాలా కాలమైంది.

బోర్డు మాత్రం కొత్తది. ఒక్కో మనిషికి ఒక్కో గడి. చేతికి తొడిగిన పట్టీ కింద చిన్న దీపం వెలుగుతూ చర్మం లోపల నాడి ఎలా కొట్టుకుంటుందో చూస్తుందట. నాడి జోరుగా ఉంటే మనిషి జోరుగా పనిచేస్తున్నట్టు, గడి ఆకుపచ్చ. నెమ్మదిస్తే పసుపు. నాడి అసలు దొరక్కపోతే పట్టీ తీసి ఏ మూలో పడేసి కబుర్లకు పోయినట్టు లెక్క, గడి బూడిదరంగు. ఆడవాళ్లు దానికి కంపెనీ గాజు అని పేరు పెట్టారు. పుట్టింటివాళ్లు పెట్టిన గాజులైనా తీసి దాచుకోవచ్చు గానీ దీన్ని తియ్యడానికి లేదని నవ్వుకునేవాళ్లు. గడుల రంగు చూసి మనుషుల్ని పిలిచి మాట్లాడటం మొదలయ్యాక ఆ నవ్వు తగ్గింది.

మడతక్క నాడి ఆ దీపానికి దొరకడం లేదు. ఆమె చేతులు అలా తయారయ్యాయి. తడిగుడ్డ పట్టుకున్న కాసేపటికే వేళ్లు రెండో కణుపు దాకా పిండి పూసినట్టు తెల్లబడి, తరవాత నీలంగా మారి, మొద్దుబారిపోతాయి. మూల చేతికి తగిలినా తెలియడం లేదు, కళ్లతో వెతుక్కోవాల్సి వస్తోంది. ముఖానికి రోలరు సెగ, ముంజేతుల నుంచి కిందికి చలి. మధ్య మధ్య ఒళ్లంతా ఉన్నట్టుండి ఆవిరి కమ్మేసి, జాకెట్టు తడిసిపోతుంది. నెలసరి ఆగిపోయినప్పటి నుంచీ ఆ ఆవిరి ఉన్నదే. గుండె దడ, బీపీ అని మాత్ర రాసినప్పటి నుంచీ ఈ చలి వచ్చి చేరింది. ఒకే ఒంట్లో ఎండాకాలం, చలికాలం కాపరం పెట్టాయని ఆమె పొడుగమ్మతో హాస్యమాడేది.

సూపర్‌వైజరు వచ్చాడు. ఇదే హాల్లో తోపుడుబండ్లు తోసి పైకొచ్చిన వాడు. ఎవరూ లేనప్పుడు ఆమె అతన్ని తమ్ముడూ అంటుంది, నలుగురిలో సార్ అంటుంది. పట్టీ తీశారా అని అడిగాడు. తియ్యలేదు, చేతికే ఉంది చూడండి అని చెయ్యి చాపింది. అతను చేతిని చూశాడు, బోర్డును చూశాడు. రెంటిలో బోర్డునే నమ్మాడు. పట్టీని ఇంకో రంధ్రం లోపలికి లాగి బిగించాడు. గడి ఒక్క క్షణం పసుపు రంగుకు తిరిగి మళ్లీ బూడిదరంగుకే పోయింది.

“నేను ఇక్కడ లేకపోతే ఈ బండి ఎవరు ఖాళీ చేశారు సార్?” అని అడిగింది. నెమ్మదిగానే అడిగింది.

అతను ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. “నాకు తెలియదా అక్కా. కానీ నేను చెబితే వినేవాళ్లు లేరు. శుక్రవారం పెద్దాఫీసు మేడం వస్తున్నారు. అప్పటికీ గడి ఇలాగే ఉంటే మిమ్మల్ని మాసినగదికి పంపమంటారు. నేను అడ్డుకోలేను.”

మాసినగది అంటే వెనక షెడ్డు. ఆసుపత్రి మూటలు విప్పి ఏరే చోటు. ఆ గుడ్డల్లో ఏముంటుందో విప్పేదాకా తెలియదు, సూదులుంటాయి, ఇంకేమైనా ఉంటాయి. వాసన సంగతి సరే, అక్కడికి పంపినవాళ్లెవరూ తిరిగి రోలరు దగ్గరికి రాలేదు. కొన్నాళ్లు ఏరించి, తరవాత ఓ పూట రేపటి నుంచి రావద్దంటారు. ఆ సంగతి చెప్పిన అతనికీ తెలుసు, విన్న ఆమెకూ తెలుసు.

ఆమెకు ఒళ్లు మండింది. అంతకన్నా ఎక్కువగా సిగ్గేసింది. ఈ చేతులతో ఇన్నేళ్లు మడిచిందంతా ఒక దీపం లేదంటే లేకుండా పోయిందా అనిపించింది. పొడుగమ్మ తోపుడుబండిలోంచి ఇంకో మెలిక లాగి, మూల వెతికి ఆమె చేతికి అందించింది.

ఆ మధ్యాహ్నం షిఫ్టు దిగి డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇది మామూలు చూపించుకోవడం కాదు. నెలసరి ఆగిన ఆడవాళ్లకి బీపీ మాత్రలు రక్తనాళాల మీద ఎలా పనిచేస్తున్నాయో ఆ డాక్టరమ్మ పరీక్షలు చేస్తోంది, ఈమెను కూడా రమ్మంది. మడతక్క భర్త బడిపిల్లల వ్యాను నడుపుతాడు. పిల్లల్ని దింపి వచ్చి, బయట వ్యానులోనే కూర్చున్నాడు. ఆసుపత్రి వాసన పడదంటాడు గానీ అసలు కారణం భయం.

చీకటిగా, చల్లగా ఉన్న గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. మోచేతి కింద గాలి పట్టీ చుట్టారు. మోచేతికి పైన చల్లటి జెల్లీ రాసి ఓ పరికరం ఆనించారు. పక్కనున్న తెరలో రెండు తెల్లటి గీతలు, వాటి మధ్య నల్లటి సందు కనిపించాయి. ఆ సందే మీ ధమని, గుండె నుంచి చేతికి రక్తం తీసుకొచ్చే గొట్టం అని డాక్టరమ్మ చెప్పింది. తన ఒంట్లోది తానే చూడటం ఆమెకు వింతగా ఉంది, కొంచెం మొహమాటంగా కూడా ఉంది.

గాలి పట్టీ బిగిసింది. బిగిసి అలాగే ఉండిపోయింది. చెయ్యి తిమ్మిరెక్కి, నొప్పెట్టి, తనది కాకుండా పోయింది. ఓర్చుకో అమ్మా అంటూనే ఉన్నారు. అంతలో ఒక్కసారిగా గాలి వదిలేశారు. రక్తం జివ్వున కిందికి దూకింది, అది ఆమెకు వేళ్ల దాకా తెలిసింది. అందరూ తెర వైపే చూస్తున్నారు. ఆ నల్లటి సందు పెద్దగా కదల్లేదు.

పరీక్ష అయ్యాక డాక్టరమ్మ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. హడావుడి లేని మనిషి, అడిగిన దానికి కళ్లలోకి చూసి చెబుతుంది. రక్తం అలా దూకి వచ్చినప్పుడు నాళం సాగి దారివ్వాలట. నెలసరి ఉన్నన్నాళ్లూ ఒంట్లో ఊరే హార్మోను ఆ సాగే గుణాన్ని కాపాడుతుందట. అది ఆగిపోయాక నాళాలు మెల్లగా బిర్రబిగుసుకుంటాయట. మీరు వేసుకునే మాత్రను బీటా బ్లాకర్ అంటారు, పాతరకం, అది గుండె పరుగును పట్టి ఉంచుతుంది, బీపీ తగ్గిస్తుంది, కానీ నాళాలను వదులు చెయ్యదు, వేళ్లకు వెళ్లే సన్నటి నాళాలు కొందరిలో ఇంకా ముడుచుకుంటాయి, మీ చేతుల చలి అదే అని చెప్పింది. ఇదే జాతిలో నాళాలను కాస్త సడలించే రకం కూడా ఉంది, రక్తపరీక్ష కాగితాలు వచ్చే వారం వస్తాయి, చూసి మార్చుకుందాం అంది.

ఆ చలికి ఒక కారణముందని విని ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. ఇన్నాళ్లూ అడిగిన ప్రతివాళ్లూ వయసు వల్లే అని చేతులు దులుపుకున్నారు. పని దగ్గరి బోర్డు సంగతి చెబుదామని నోరు తెరిచింది. గుమ్మం దగ్గర ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కాయితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. చెప్పకుండానే లేచింది.

తలుపు దాకా వెళ్లాక డాక్టరమ్మ వెనక్కి పిలిచింది. “అమ్మా, ఒక్క మాట. మార్చేదాకా పాత మాత్ర ఆపకండి. ఒక్క పూట కూడా. గుండెకు కళ్లెం వేసి ఉంచాం. ఒక్కసారిగా వదిలేస్తే అది ఊరికే ఉండదు, ప్రాణం మీదికొస్తుంది. మెల్లగానే మార్చాలి.”

అలాగేనండి అని తలూపింది. తలూపడం ఆమెకు బాగా అలవాటు.

దారిలో భర్త ఏమన్నారని అడిగాడు. మాత్ర మారుస్తారట అంది. ఆ పాతది వేసుకున్నప్పటి నుంచీ నీ చెయ్యి తగిలితే ఫ్రిజ్ తలుపు తీసినట్టుంటోంది, మార్చనీ, నాకూ కాస్త వెచ్చగా ఉంటుంది అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. శుక్రవారం సంగతి అతనికి చెప్పలేదు. చెబితే ఆ పని మానెయ్యి అంటాడు. అనడం అతనికి తేలిక, వ్యాను నడుపుతూ నాలుగు ఊసులు చెప్పుకుంటే అతనికి రోజు గడిచిపోతుంది. రోలరు ముందు నిలబడకపోతే తానేమిటో ఆమెకు తెలియదు.

మర్నాడు పొద్దున గ్లాసులో నీళ్లు పోసుకుని మాత్ర చేతిలోకి తీసుకుని వంటగదిలో నిలబడింది. డాక్టరమ్మ చెప్పినవన్నీ గుర్తున్నాయి. కానీ మనకు కావలసిన మాట ముందు వినిపిస్తుంది, మిగతాది వెనకాల ఎక్కడో గొణుగుతుంది. నాళాలను వదులు చెయ్యదని ఆవిడే అంది కదా. చేతులకి చలి దీనివల్లేనని ఆవిడే అంది కదా. ఎలాగూ మార్చబోయే మాత్రే కదా. వచ్చే వారం మానేసేది ఈ వారమే మానేస్తే కొంప మునిగిపోతుందా? శుక్రవారం ఒక్కటీ గడిస్తే చాలు. నీళ్లు మాత్రం తాగేసి, మాత్రను కొళాయి కింద పెట్టి కరిగేదాకా చూసింది. ఎవరికి భయపడి అలా చేసిందో ఆమెకే తెలియదు, ఇంట్లో అప్పుడు ఎవరూ లేరు.

ఆ రోజు గడి బూడిదరంగులోనే ఉంది. ఆ మర్నాడూ మాత్ర మానేసింది, గడి పసుపుకు వచ్చింది. ఇంకో రోజు గడిచేసరికి, ఏదో పిచ్చుక చొరబడ్డట్టు గుండె ఎదలో టపటపలాడుతుండగా, గడి ఆకుపచ్చగా మారింది. మారి, అలాగే నిలిచింది.

దాన్ని మించి ఇంకొకటి జరిగింది. తోపుడుబండిలో చెయ్యి పెట్టి దుప్పటి లాగినప్పుడు మూల ఆమె వేళ్లకు తగిలింది. కుట్టు తగిలింది. ఆ కుట్టు గరుకుదనం బొటనవేలి కింద స్పష్టంగా తెలిసింది. కళ్లతో వెతకకుండానే మూల చేతికొచ్చింది. ఎంత కాలానికో. చంటిపిల్ల చెయ్యి పట్టుకున్నంత సంబరపడింది ఆమె. దుప్పటి విదిలించి అందించింది. మళ్లీ ఇంకొకటి. పొడుగమ్మ అందుకోలేక, “నెమ్మదిగా అక్కా” అనాల్సి వచ్చింది.

సూపర్‌వైజరు వచ్చి, చేతిలోని ట్యాబ్ తెరను చూసి, బోర్డు చూసి, ఈసారి ఆమె ముఖం కూడా చూశాడు. “గండం గడిచినట్టే అక్కా,” అన్నాడు. నిజంగానే సంతోషించాడు, అందులో కల్మషం లేదు. శుక్రవారం మేడంకి మిమ్మల్నే చూపిస్తాను, పట్టీ వచ్చాక మనిషి ఎలా మారిందో చూడండి అని చెబుతాను అన్నాడు. మారింది పట్టీ వల్లేనా అని ఆమె అడగబోయి, ఇంకో దుప్పటి అందుకుంది.

భోజనాల దగ్గర పొడుగమ్మ డబ్బా మూత తీస్తూ ఏం చేశావక్కా అని అడిగింది. ఏమీ లేదే, చలి తగ్గింది అంది ఈమె. పొడుగమ్మ ఆ జవాబుతో ఊరుకోలేదు. మాత్రలు మార్చారా, ఏం మాత్రలు, ఎక్కడ చూపించుకున్నావు అని గుచ్చి గుచ్చి అడిగింది. అన్నం చల్లారిపోతోంది తిను అని మాట తప్పించింది. నలుగురి ఆరోగ్యం సంగతి పట్టించుకునే మనిషి కాదు పొడుగమ్మ. ఇప్పుడెందుకింత ఆరా అని ఆ క్షణం అనిపించింది గానీ, కూర రుచిలో మరిచిపోయింది.

సాయంత్రం మెట్లెక్కుతుంటే సగంలో ఆగాల్సి వచ్చింది. ఆయాసం కాదు, ఎవరో లోపల కూర్చుని గుండెను పిడికిట్లో పట్టి విడుస్తున్నట్టుంది. దవడ కింద సన్నగా లాగింది. పంటి నొప్పి అనుకుంది. తల పగిలిపోతోంది. ఇంట్లో భర్త ఆమె చెయ్యి పట్టుకుని చూసి, వెచ్చగా ఉందే, కొత్త మాత్ర అప్పుడే ఇచ్చేశారా అన్నాడు. ఊ అంది. ఇన్నేళ్ల కాపరంలో అతనికి చెప్పిన అబద్ధాల్లో అంత పొట్టిది ఇంకోటి లేదు. అతను ఆ చెయ్యి వదలకుండానే టీవీ చూస్తూ కూర్చున్నాడు. ఆమె అతని వేళ్ల మధ్య తన నాడి కొట్టుకోవడం వింటూ కూర్చుంది. అతనికి తెలుస్తుందేమోనని భయపడింది, తెలిస్తే బాగుండుననీ అనుకుంది. అతనికి తెలియలేదు.

శుక్రవారం పొద్దున లేస్తూనే డాక్టరమ్మ మాట గొణగడం మాని గట్టిగా వినిపించింది. మాత్ర వేసుకుందామని అట్ట తీసింది. వేసుకుంటే మధ్యాహ్నానికి గడి ఏ రంగుకు పోతుందో తెలియదు. ఒక్క పూట, ఈ ఒక్క పూట అనుకుని అట్టను బ్యాగులో పెట్టుకుంది. మేడం వెళ్లిన నిమిషానికి వేసుకుంటానని తనకు తానే మాటిచ్చుకుంది.

హాలంతా కడిగి ఉంచారు. తోపుడుబండ్లు వరసలో ఉన్నాయి. ఆ రోజు ఆసుపత్రి దుప్పట్లు, మందం ఎక్కువ, నీళ్లు పట్టి బరువుగా ఉన్నాయి. ఆమె నాలుగు దుప్పట్లు అందించేసరికి వీపు మధ్య నుంచి ఎడమ భుజం దాకా ఏదో పాకింది. ఇంకో దుప్పటి మూల వేళ్లకు తగిలింది గానీ ఎత్తడానికి చేతిలో సత్తువ లేదు. చెమట పట్టింది. రోజూ కమ్మే ఆవిరి కాదిది, చల్లటి చెమట.

“అక్కా, కూర్చో కాసేపు. నేను చూసుకుంటా,” అంది పొడుగమ్మ. ఉతికిన తువ్వాళ్ల మూట ఒకటి కాలితో జరిపి ఆమె వెనక పెట్టింది. రెండు అంచులూ తానే పట్టుకుని, పొడుగాటి చేతులు చాపి, ఒంటరిగా రోలరుకు అందించసాగింది. పక్క బల్లవాళ్లు చూసీ చూడనట్టు ఉన్నారు.

మడతక్క మూట మీద కూలబడింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటూ తలెత్తింది. ఎదురుగా బోర్డు.

ఆమె గడి ఆకుపచ్చగా ఉంది. మామూలు ఆకుపచ్చ కాదు, చుట్టూ మెరిసే గీతతో ఉంది. అందరికన్నా జోరుగా పనిచేస్తున్న మనిషి గడికి ఆ గీత వస్తుంది. ఒంటి చేతి మీద ఇద్దరి పని చేస్తున్న పొడుగమ్మ గడి పసుపు.

ఆమె ఆ రెండు గడులనూ మార్చి మార్చి చూసింది. కూర్చున్నాను కదా అనుకుంది. నేను కూర్చున్నాను, పని చేస్తున్నది పొడుగమ్మ. తాను ఈ వారమంతా దేనికి ప్రాణం పెట్టిందో అప్పుడు తేటగా కనిపించింది.

పొడుగమ్మ దుప్పటి వదిలి దగ్గరికొచ్చి వంగింది, చెమట తుడిచే నెపంతో. “నిన్ను చూసి ధైర్యం వచ్చిందక్కా,” అంది గొంతు తగ్గించి. “నాకు గర్భసంచి తీసేశాక ఇదే మాత్ర రాశారు. ఎవరికీ చెప్పలేదు. నా గడి పసుపు దాటడం లేదు, వచ్చే నెల మాసినగదికి నా వంతే. నువ్వు మానేశావని నాకు తెలుసు, ఇందాక నీ బ్యాగులో అట్ట చూశా, ఈ మాత్ర వేసుకుంటే గడి ఆకుపచ్చకు తిరగదు. నీకేం కాలేదు కదా. నేను కూడా రేపటి నుంచి మానేస్తున్నా.”

“నాకేం కాలేదా?” అంది మడతక్క. ఇంకేదో అనబోయింది, దవడ పట్టేసింది.

అప్పుడే పెద్దాఫీసు మేడం లోపలికొచ్చింది. చక్కటి మనిషి, గొంతులో కాఠిన్యం లేదు. వాకిట్లోంచే బోర్డు చూసి, గీత మెరుస్తున్న గడి ఎవరిదని అడిగింది. సూపర్‌వైజరు ఉత్సాహంగా దారి చూపించాడు. వాళ్లు వచ్చి నిలబడేసరికి ఎదురుగా తువ్వాళ్ల మూట మీద, పాలిపోయిన ముఖంతో, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని ఓ ఆడమనిషి. సూపర్‌వైజరు చేతిలోని తెర వైపు, ఆమె వైపు బిక్కమొహం వేసుకుని చూశాడు.

మడతక్క లేవబోయింది, కుదరలేదు. కూర్చునే మాట్లాడింది. చెప్పకపోతే పొడుగమ్మ రేపు మానేస్తుంది. ఆ ఒక్కటే ఆమె తలలో ఉంది, ఉద్యోగం సంగతి అప్పటికి ఎటో పోయింది.

“మేడం, నేనిప్పుడు ఏం చేస్తున్నానో చూసి చెప్పండి,” అంది. “కూర్చున్నాను. పొద్దుట్నించీ నాలుగు దుప్పట్లు కూడా సరిగ్గా ఎత్తలేదు. ఆ గడి నా పని కాదు, నా జబ్బు. గుండె మాత్ర మానేశాను, దీనికోసమే. మాత్ర వేసుకుని ఒళ్లు విరిగేలా పనిచేసినన్నాళ్లూ నేను లేనంది ఆ బోర్డు.”

హాల్లో ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. రోలరు మాత్రం ఖాళీగా తిరుగుతోంది. కొన్ని ముఖాల్లో ఆమెకు వెలుగు కనిపించింది. ఎవరో ఒకరు నోరు తెరిస్తే చాలు, మిగతావాళ్లూ తెరిచేలా ఉన్నారు. నెలసరి ఆగిన వయసువాళ్లే అక్కడ సగానికి సగం.

మేడం ముఖం నిజంగానే వాడిపోయింది. ముందు అంబులెన్సును పిలవండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి అంది. ఆమె భుజం మీద చెయ్యి వేసి, మాకు ముందే చెప్పాల్సింది కదమ్మా అంది. తరవాత సూపర్‌వైజరు వైపు తిరిగింది.

“ఇలా జరగడం చాలా ప్రమాదం. గుండె మందులు వాడేవాళ్లు రోలరు దగ్గర ఉండకూడదు. ఇక్కడ ఇంకెవరెవరు ఈ మాత్ర వేసుకుంటున్నారో ఇప్పుడే కనుక్కోండి. వాళ్లందరినీ తేలిక పనికి, వెనక షెడ్డులోకి మార్చేద్దాం. వాళ్ల మంచికే.”

సూపర్‌వైజరు గొంతు సవరించుకుని వరస వెంట చూశాడు. ఆ చూపు వస్తుంటే ఒక్కొక్కరూ దుప్పట్ల వైపు వంగారు. ముఖాల్లో కనిపించిన వెలుగు దీపం తీసేసినట్టు పోయింది. చివరి వరసలో ఒకామె బల్ల కిందున్న తన బ్యాగును కాలితో మెల్లగా వెనక్కి నెట్టింది.

మడతక్కకు అర్థమైంది. తాను ఒక్కతే మానిన మాత్రను రేపు పొద్దున ఈ హాల్లో వేసుకునేవాళ్లందరూ మానేస్తారు. మానమని ఎవరూ చెప్పరు, వేసుకుంటే గడి రంగే పట్టిచ్చేస్తుంది. అంబులెన్సు వచ్చి తనను తీసుకుపోతుంది, వీళ్లు ఇక్కడే ఉంటారు. ఎడమ చెయ్యి బరువెక్కిపోతుంటే కుడిచేత్తో పొడుగమ్మ మణికట్టు పట్టుకుంది. గట్టిగా చెబితే ఈమె పట్టుబడిపోతుంది, చెప్పకపోతే చస్తుంది.

“ఒసే,” అంది, ఊపిరి చాలక ఆగి, “నువ్వు మాత్రం...”

పొడుగమ్మ మణికట్టు విడిపించుకుంది. మోటుగా కాదు, మెల్లగా, ఒక్కో వేలూ తీసి. మేడం వైపు తిరిగి నిటారుగా నిలబడింది. అడగకముందే చెప్పింది.

“నేను ఏ మాత్రలూ వేసుకోనండి.”

తరవాత తోపుడుబండిలోంచి ఇంకో దుప్పటి లాగి, మూల వెతుక్కోవడం మొదలుపెట్టింది.